రేపు ఈ వేళకు

పాఠ్యభాగము: నిర్గమకాండము 9:13–35
కలిపి చదవండి: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, 28:1–2, సామెతలు 31:21, యోబు 37:6–7



డిసెంబరు నుంచి మార్చి దాకా మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో శనివారం సాయంత్రం తిరిగే ప్రశ్న ఒకటి ఉంది: “బ్రదర్, రేపు ఆరాధన ఉందా?” మంచు, పెనుగాలి, ప్రాణాంతకమైన చలి వస్తున్నాయని వాతావరణ శాఖ అప్పటికే చెప్పి ఉంటుంది. ఒకరు “ప్రభువు కాపాడతాడు, రండి” అంటారు. ఇంకొకరు హెబ్రీ పత్రిక 10:25 అని రిఫరెన్సు పెడతారు. మరొకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటారు. పెద్దలు రాత్రి పదకొండు దాటినా తేల్చరు. తేల్చనంతమాత్రాన ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ హెచ్చరిక అందినవాడు ఏమి చేయాలనే విషయంలో దేవుని వాక్యము చాలా సూటిగా మాట్లాడిన చోటు ఒకటి ఉంది. ఐగుప్తు తెగుళ్లలో ఏడవది అని లెక్కపెట్టుకొని మనం దాన్ని దాటిపోతుంటాం.

నిర్గమకాండము 9వ అధ్యాయము తెరిచి, 18, 19 వచనాలు నిదానంగా చదవండి. మోషే ఉదయాన్నే ఫరో ఎదుట నిలబడి చెబుతున్నాడు. ఎప్పుడు? రేపు ఈ వేళకు. ఏమి వస్తుంది? వడగండ్లు. ఎంత తీవ్రంగా? ఐగుప్తు రాజ్యం ఏర్పడినప్పటినుండి అలాంటిది ఎవరూ చూడలేదు. ఏమి చేయాలి? పొలంలో ఉన్న మనుషులను, పశువులను ఇంటికి రప్పించాలి, బయట ఉన్నవి చస్తాయి. ఈ రోజు మన ఫోనుకు వచ్చే హెచ్చరికలో ఉండేవి కూడా ఈ నాలుగు సంగతులే. (ఐదవ తెగులులో పశువులు చచ్చాయి కదా, మళ్లీ ఇవెక్కడివి అని సండే స్కూలు పిల్లలు తప్పకుండా అడుగుతారు. 9:3 చూపించండి. ఆ తెగులు పొలంలో ఉన్న పశువుల మీదికి వచ్చిందని అక్కడ ఉంది.)

ఇంతకుముందు తెగుళ్లకు కూడా మోషే ముందుగా చెప్పిన సందర్భాలు ఉన్నాయి. అయితే ఫరో లొంగకపోయినా సరే, అతని ప్రజలు ప్రాణాలు దక్కించుకునే దారి ఇదని దేవుడు చెప్పడం ఇక్కడ కనిపిస్తుంది. తీర్పు వస్తున్నది ఐగుప్తు మీదికి, హెచ్చరిక వెళ్తున్నది కూడా ఐగుప్తీయులకే. దేవుడు తన ప్రజలు ఉన్న గోషెను దేశాన్ని ఎలాగూ కాపాడుకున్నాడు (26వ వచనం). మిగిలినవారికి కూడా ఒక రోజు గడువు ఇచ్చాడు. ఆ గడువులో ఉన్న కనికరాన్ని గమనించండి.

ఇప్పుడు 20, 21 వచనాలు. ఇక్కడ విడిపోయింది ఇశ్రాయేలీయులు ఒక వైపు, ఐగుప్తీయులు ఒక వైపు కాదు. ఇద్దరూ ఫరో సేవకులే. ఒకడు యెహోవా మాటకు భయపడ్డాడు. రెండవవాని గురించి వాక్యం “ధైర్యంగా ఉన్నాడు” అని చెప్పడం లేదు. హెబ్రీ మూలంలో అతడు ఆ మాట మీద తన హృదయాన్ని పెట్టలేదని ఉంది. భయానికి ఎదురుగా ఇక్కడ నిలిచింది ధైర్యం కాదు, పట్టించుకోకపోవడం. భయపడినవాడు కూడా మోకాళ్ల మీద వణుకుతూ కూర్చోలేదు. మనుషులను పంపి, పొలంలో ఉన్నవారిని లోపలికి తెచ్చుకున్నాడు. అతని భయభక్తులు పశువుల పాక తలుపు దగ్గర కనబడ్డాయి.

నాకు ఈ భాగమంతటిలో గుచ్చుకునేది 21వ వచనం చివరి మాట. పట్టించుకోని యజమాని తన సేవకులను, తన పశువులను పొలంలో వదిలేశాడు. అతడు మాత్రం పొలంలో లేడు. వడగండ్లు పడినప్పుడు అతని నెత్తిమీద కప్పు ఉంది. మాట వినకపోయింది ఒకరు, దెబ్బ తగిలింది ఇంకొకరికి.

ప్రియులారా, మన మధ్య ఇప్పుడు పొలంలో ఉన్నది ఎవరో ఆలోచించండి. పాస్టరుగారి ఇల్లు చర్చికి దగ్గర కావచ్చు. పెద్దలకు నాలుగు చక్రాలూ తిరిగే పెద్ద బండి ఉండవచ్చు. “ఆరాధన ఉంది, విశ్వాసంతో రండి” అని మనం మెసేజ్ పెడితే నలభై మైళ్ల అవతలనుంచి బయలుదేరేది, మొన్న ఆగస్టులో వచ్చి, మంచులో ఒక్కసారి కూడా బండి నడపని విద్యార్థి. అతని కారు చేతులు మారిన పాత బండి, టైర్లు అరిగిపోయి ఉంటాయి. రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసి, నిద్ర లేకుండా పాటల బృందంలో నిలబడటానికి వచ్చే సహోదరి ఉంటుంది. అందరికంటే గంట ముందు వచ్చి మెట్ల మీద మంచు తోసే అరవై ఏళ్ల అంకుల్ ఉంటారు. చలిలో ఆ పార పని గుండె మీద ఎంత భారం వేస్తుందో ఇక్కడి డాక్టర్లు ప్రతి ఏడాదీ చెబుతూనే ఉన్నారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇది కొందరికి రుచించకపోవచ్చు. మన సంఘాల్లో గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు, రెస్టారెంట్లు నడిపేవారు ఉన్నారు. దేవుడు వారి చేతిపనిని ఆశీర్వదించాడు, సంతోషం. వారి కౌంటరు దగ్గర నిలబడేది చాలాచోట్ల మన పిల్లలే. గవర్నరు రోడ్ల మీదికి రావద్దని చెప్పిన రాత్రి “షాపు తెరవాలి, వచ్చేయ్” అని ఫోను చేసే యజమానికి, అవునని తప్ప వేరే జవాబు చెప్పలేని స్థితిలో ఆ పిల్లవాడు ఉంటాడు. నిర్గమకాండము 9:21 ముందుగా చదవవలసినది యజమానులే.

అయితే వాతావరణ సూచన ప్రవచనం కాదు కదా అని మీరు అడగవచ్చు. కాదు. మోషే నోట వచ్చినది దేవుని మాట, అది తప్పదు. వాతావరణ శాఖ లెక్క అప్పుడప్పుడు తప్పుతుంది. పది అంగుళాలు అన్నది రెండు అంగుళాలతో పోతుంది, పిల్లలు నిరుత్సాహపడతారు. కానీ ఆ లెక్క వేయడానికి అసలు వీలు కలిగించింది ఎవరు? భూమి ఉన్నంతకాలం శీతోష్ణములు, వేసవి, శీతకాలములు క్రమం తప్పవని నోవహు దినాల్లో దేవుడు మాట ఇచ్చాడు (ఆదికాండము 8:22). ఆ క్రమాన్ని చదివి చెప్పేవారు ఆయన పెట్టిన క్రమాన్నే చదువుతున్నారు. ఆకాశం ఎరుపును చూసి గాలివాన వస్తుందని పరిసయ్యులు చెప్పగలిగినందుకు యేసు వారిని తప్పుపట్టలేదు. కాలాల సూచనలను మాత్రం చదవలేకపోయినందుకే గద్దించాడు (మత్తయి 16:2–3).

మన కోస్తా ప్రాంతంనుంచి వచ్చినవారికి ఇది చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది చనిపోయారు. అలల ముందు నిలబడి ఉన్నామని చాలా ఊళ్లకు తెలియనే తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదికి వచ్చినప్పుడు చెట్లు, స్తంభాలు, ఇళ్లు కూలాయి గాని, చనిపోయినవారి సంఖ్య పదుల దగ్గర ఆగింది. ముందుగా చెప్పారు, జనాన్ని తీరంనుంచి లోపలికి తెచ్చారు. రేవులో ఎగరేసిన ప్రమాద సూచిక నంబరును బట్టి వేటకు వెళ్లాలో వద్దో తేల్చుకున్న జాలరుల మనుమలు ఇప్పుడు షికాగోలో, డెట్రాయిట్‌లో, టొరంటోలో ఉన్నారు. మారింది హెచ్చరిక భాష ఒక్కటే. ఆ భాష నేర్చుకోవాలి.

అమెరికా వాతావరణ శాఖ “వాచ్” అంటే రావచ్చు, సిద్ధపడండి అని. “వార్నింగ్” అంటే వచ్చేస్తోంది, లేదా వచ్చేసింది అని. “బ్లిజార్డ్ వార్నింగ్” చూసి ఎన్ని అంగుళాల మంచు పడుతుందని అడగకండి. గాలి గంటకు 35 మైళ్లు లేదా అంతకంటే ఎక్కువ వేగంతో వీస్తూ, పావు మైలు దూరం కూడా కనబడని స్థితి కనీసం మూడు గంటలు ఉంటే దాన్ని బ్లిజార్డ్ అంటారు. కొత్త మంచు పెద్దగా పడకపోయినా, నేల మీద ఉన్నదాన్నే గాలి లేపి కళ్లు మూసేస్తుంది. ఇక చలి. థర్మామీటరు సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తూ గాలి గంటకు 15 మైళ్లు ఉంటే, ఒంటికి అది సున్నాకు 19 డిగ్రీలు కింద ఉన్నట్టే. మన లెక్కలో మైనస్ 28 సెల్సియస్. ఆ గాలిలో కప్పుకోని ముక్కు, చెవులు, వేళ్లు అరగంటలో గడ్డకట్టగలవు. ఇంతకుముందు “విండ్ చిల్ వార్నింగ్” అని వచ్చేది, 2024 అక్టోబరు నుంచి “ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్” అని వస్తోంది.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము కూడా తోడుగా చదవమని చెప్పాను. ఉపవాస దినం గడిచిపోయింది, అంటే శరదృతువు వచ్చేసింది, మధ్యధరా సముద్రంలో ఓడలు ఆపుకునే కాలం దగ్గరపడింది. ప్రయాణం వద్దని పౌలు చెప్పాడు. శతాధిపతి నావికుని మాట, ఓడ యజమాని మాట విన్నాడు. వారిది వృత్తి, వారి సరుకు వారికి ఉంది, అతన్ని పూర్తిగా తప్పుపట్టలేము. ఎక్కువమంది కూడా వెళ్దామనే అన్నారు. ఆ తర్వాత 13వ వచనం ఉంది: దక్షిణపు గాలి మెల్లగా వీచింది. అందరూ తమ ఆలోచన నెరవేరిందనుకున్నారు. కొద్దిసేపటికే ఊరకులోను విరుచుకుపడింది.

ఆ మెల్లని గాలిని గుర్తుంచుకోండి. 2022 డిసెంబరు 23 ఉదయం న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో కూడా అలాంటిదే జరిగింది. కొన్ని రోజుల ముందునుంచే వాతావరణ శాఖ హెచ్చరిస్తూ ఉంది. అయినా తెల్లవారేసరికి చలి అంతగా లేదు, గడ్డకట్టే స్థాయికి పైనే ఉంది. చాలామంది ఎప్పటిలా పనికి బయలుదేరారు. రోడ్ల మీదికి రావద్దనే ఆజ్ఞ ఉదయం 9:30కు గాని అమలులోకి రాలేదు. కొన్ని గంటల్లో ఉష్ణోగ్రత కూలిపోయింది, గాలి గంటకు 70 మైళ్ల వరకు వీచింది. బ్లిజార్డ్ స్థితి 37 గంటలు కొనసాగింది. విమానాశ్రయం దగ్గర సుమారు 52 అంగుళాల మంచు పడింది. ఒక్క ఈరీ కౌంటీలోనే 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు వీధిలో, కొందరు వేడి లేని ఇళ్లలో. సహాయానికి వెళ్లిన అంబులెన్సులే మంచులో ఇరుక్కున్నాయి. మన వీధి ప్రశాంతంగా ఉందని బయలుదేరకండి. హెచ్చరికలో ఏ గంటనుంచి ఏ గంటవరకు అని ఉంటుంది, అది చూడండి.

హెబ్రీ 10:25 సంగతి. సమాజంగా కూడుకోవడం మానవద్దన్న ఆజ్ఞ ఉంది, దాన్ని తేలిక చేయను. కానీ ఆ వచనం ఎవరితో మాట్లాడుతోంది? రాకపోవడం అలవాటుగా చేసుకున్న కొందరి గురించి. ఎందుకు కూడుకోవాలని చెబుతోంది? ఒకరినొకరు హెచ్చరించుకోవడానికి, ప్రేమకు, సత్కార్యాలకు పురికొల్పుకోవడానికి. రోడ్డు పక్క గుంటలో కారు పడి ఉన్న సహోదరుని మనం ఏ సత్కార్యానికి పురికొల్పగలం? దేవాలయ శిఖరంనుంచి దూకమని, దూతలు పట్టుకుంటారని వాక్యం చూపించి చెప్పింది ఎవరో మనకు తెలుసు. ప్రభువు దూకలేదు (మత్తయి 4:5–7). పౌలు కూడా శీతకాలాన్ని లెక్కలో పెట్టుకొని నడిచాడు. నికొపొలిలో శీతకాలం గడపాలని నిర్ణయించుకున్నాడు (తీతు 3:12). తిమోతిని శీతకాలం రాకముందే రమ్మన్నాడు, వచ్చేటప్పుడు త్రోయలో వదిలిన తన అంగీ తెమ్మన్నాడు (2 తిమోతి 4:13, 21). మరణం ఎదుట భయపడని మనిషి చలికి అంగీ అడగడానికి సిగ్గుపడలేదు.

యోబు 37:6–7లో ఎలీహు చెప్పిన మాట ధ్యానించదగినది. దేవుడే మంచుతో భూమి మీద పడమంటాడట. అలా మనుషులందరి చేతులకు ముద్ర వేసి పని ఆపుతాడట, ఆయన కార్యం అందరూ తెలుసుకోవాలని. చేతులు ఆగిన ఆదివారం ఆరాధన లేని ఆదివారం కాదు. జూమ్‌లో కూడుకోవచ్చు. కరెంటు పోతే ఇంట్లోవారే కూర్చొని 147వ కీర్తన చదువుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, పెద్దలు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకల్లా తేల్చి చెప్పాలి. భవనం మనకు ఇచ్చిన అమెరికన్ సంఘం తమ ఉదయం ఆరాధన ఆపేసిందంటే, మధ్యాహ్నం మనది జరుపుదామా అని చర్చ కూడా అక్కర్లేదు. వారు ఈ మంచులో పుట్టి పెరిగినవారు.

ఇంటి సంగతికి వద్దాం. సామెతలు 31లోని గుణవతి తన ఇంటివారి విషయంలో మంచుకు భయపడదని 21వ వచనం చెబుతుంది. ఆమె ధైర్యానికి కారణం కూడా అక్కడే ఉంది: వారికి బట్టలు ముందే సిద్ధం చేసింది. మనుమల కోసం ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉన్న ఇళ్లు జాగ్రత్త. రోజూ తెల్లవారి వాకింగ్ చేసే నాన్నగారికి మంకీ క్యాప్, స్వెటరు చాలవు. ఒక్క పది నిమిషాలే అని చెప్పి వెళ్తారు, తలుపు తాళం పడిపోతుంది, జేబులో ఫోను ఉండదు. వారికి ఇంటి చిరునామా రాసిన కాగితం ఇవ్వండి, హెచ్చరిక ఉన్న రోజు వెళ్లవద్దని ప్రేమగా, గట్టిగా చెప్పండి. కరెంటు పోతే ఊరి అలవాటులో బొగ్గుల కుంపటి గాని, బార్బెక్యూ పొయ్యి గాని ఇంట్లోకి తేకూడదు. గరాజ్‌లో కారు నడిపి వెచ్చబడకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయిన ఆ చలి రోజుల్లో 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది. ఎక్కువమంది చలికే పోయారు, ఈ విషవాయువుకు కూడా కొందరు బలయ్యారు. డాలస్, హ్యూస్టన్‌లోని మన సంఘాలు ఇది తమకు సంబంధించిన పాఠం కాదనుకోవద్దు.

దారిలో చిక్కుకుంటే కారు విడిచి నడవకండి. పొగగొట్టం చుట్టూ మంచు తీసి, గంటకు పది నిమిషాలు మాత్రం ఇంజను నడిపి, కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి. ట్రంకులో దుప్పటి, నీళ్లు, తినడానికి ఏదైనా నవంబరులోనే పెట్టుకోండి. గడ్డకట్టిన చెరువుల మీదికి ఫొటోల కోసం వెళ్లకండి. 2022లో బఫలో తుఫాను వారంలోనే, డిసెంబరు 26న, ఆరిజోనాలోని ఒక సరస్సు మీద మంచు పగిలి మన తెలుగువారు ముగ్గురు చనిపోయారు. పైకి రాతినేలలా కనిపించేది ఎంత మందం ఉందో కంటితో తెలియదు.

చివరిగా మెలితే ద్వీపం. ఓడ పగిలింది, 276 మంది ఒడ్డుకు చేరారు. వాన, చలి. భాష తెలియని ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి అందరినీ చేర్చుకున్నారు (28:2). వీరిలో ఖైదీలు ఉన్నారు, మాట వినని శతాధిపతి ఉన్నాడు. వద్దంటే ఎందుకు వచ్చారని ఎవరూ అడగలేదు. బఫలో తుఫానులోనూ అలాంటివారు కనబడ్డారు. కొరియానుంచి వచ్చిన పర్యాటకుల వ్యాను మంచులో దిగబడితే, పార ఇవ్వమని తలుపు తట్టిన వారిని ఒక ఇంటివారు లోపలికి పిలిచి, రెండు రాత్రులు ఉంచుకొని, కలిసి వండుకొని తిన్నారు. ఇంకొక మనిషి దారిలో చిక్కుకొని, మూసి ఉన్న ఒక బడి కిటికీ పగలగొట్టి, ఇరవైమందికి పైగా లోపలికి తెచ్చి, వెళ్లేటప్పుడు క్షమించమని చీటీ రాసిపెట్టాడు.

గృహకూడికలో ఈ పాఠం చదివేవారు ప్రార్థనకు ముందు ఒక కాగితం తీసుకోండి. మీ సంఘంలో ఒంటరిగా ఉంటున్న విద్యార్థులు, వృద్ధులు, భర్త ఊరికి వెళ్లగా చిన్నపిల్లలతో ఉన్న తల్లులు, మోటల్ గదిలో ఉంటూ పనిచేసేవారు, వీరి పేర్లు రాయండి. హీటరు సరిగా పనిచేయని అపార్ట్‌మెంటు ఎవరిదో రాయండి. ప్రతి పేరు ఎదురుగా, హెచ్చరిక వచ్చిన సాయంత్రం వారికి ఫోను చేసి, “మా ఇంటికి వచ్చేయండి, చీకటి పడకముందే నేనే వచ్చి తీసుకెళ్తాను” అని చెప్పే కుటుంబం పేరు రాయండి. ఎవరి ఎదుట ఏ పేరూ లేకపోతే, ఆ పేరు రాసేదాకా కూడిక ముగించవద్దు.